కమిల్ల పేరులో చుక్క

ఒలోట్, 4 అక్టోబరు 1980

వదినా,

మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక ఆలస్యమైంది, వేరే కారణం లేదు.

కమిల్ల అంత్యక్రియలకు రాలేకపోయానని మీరు బాధపడవద్దు. తుంటి ఎముక విరిగిన మనిషి పెర్పిన్యా నుంచి సరిహద్దు దాటి, ఆ కొండ మలుపులన్నీ తిరిగి రావడం జరిగే పని కాదు. జనం బాగానే వచ్చారు. వాన పడింది. బృందగాన సంఘం వాళ్ళు పాడారు. ఏం పాడారో అడిగితే చెప్పలేను.

ఇంట్లో అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఉదయం రేడియో పెడతాను. వార్తలు చదివే అతని కతలాన్ భాషలో తప్పులుంటే కమిల్ల వంటింట్లోంచి దిద్దుతూ ఉండేది, అతనికి వినబడుతున్నట్టే. ఇప్పుడు అతను తప్పులతోనే చదువుతున్నాడు. నేను వింటున్నాను.

ఒక పని మీద రాస్తున్నాను. 'ఎషిదా' పత్రికను క్రిస్మస్ సంచికతో ఆపేస్తున్నారు. సంఘం అధ్యక్షుడు క్విర్జె వచ్చి చెప్పాడు. మీకు గుర్తుండకపోవచ్చు, నోటరీ గారబ్బాయి. ఇప్పుడు అతనూ నోటరీయే. చివరి సంచికలో పత్రిక చరిత్ర ఉండాలట. నన్ను రాయమన్నాడు. మీకంటే దగ్గరగా చూసినవాళ్ళు ఎవరున్నారు మాస్టారూ అన్నాడు. దగ్గరగా చూసిన మనిషి ఎవరో అతనికీ తెలుసు. సరేనన్నాను. సాయంత్రాలు ఏదో ఒకటి చెయ్యాలి.

నేను కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. తేదీలు వరుసలో పెట్టగలను, అంతకు మించి రాదు. పైగా మొదటి ఏడాది నా ఉద్యోగం లెరిదాలో. ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో కమిల్ల మీ ఊరు వచ్చి అచ్చు అక్షరాలు తీసుకెళ్ళింది కదా. అది ఎలా జరిగిందో రాసి పంపండి.

ఉంటాను.
గల్దరిక్


పెర్పిన్యా, 13 అక్టోబరు 1980

మరిదీ,

నీ ఉత్తరం చదివితే టెలిగ్రాఫ్ ఆఫీసులో మాటకింతని డబ్బు కడుతున్నావేమో అనిపిస్తుంది. మొదట్నుంచీ అంతే నువ్వు. పెళ్ళిచూపులనాడు మా అమ్మ "బఠాణీలు బాగున్నాయా బాబూ?" అంటే "ఉడికాయి" అన్నావు. చెల్లి వారం రోజులు నవ్వింది. ఆ నవ్వు చూసే నీకిచ్చారు పిల్లని, నీ జీతం చూసి కాదు.

అచ్చు అక్షరాల సంగతి అడిగావు. చెప్తాను, వంకర లేకుండా రాసుకో.

మొదటి సంచిక అచ్చయ్యాక, అదే సంవత్సరం వేసవిలో వచ్చింది. బుట్ట కింద పెట్టకుండానే మొదలుపెట్టింది. "అక్కా, మా ప్రెస్సులో అన్నీ ఉన్నాయి. పుంట్ ఒక్కటే లేదు." నాకేం అర్థమవుతుంది? బట్టలు కుట్టేదాన్ని. నాకు పుంట్ అంటే కుట్టు. ఏ కుట్టే, కాజా కుట్టా అన్నాను. అప్పుడు సంచిలోంచి పత్రిక తీసి చూపించింది. చర్చి బృందగానంలో పాడినవాళ్ళ పేర్ల వరసలో దాని పేరూ ఉంది. రెండు ఎల్‌ల మధ్య ఉండాల్సిన చుక్క లేదు. అది పుంట్ అన్నది ఆ చుక్కని. స్పెయిన్ ప్రెస్సుల్లో ఆ అక్షరం ఎందుకుంటుంది? మన భాషకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు కదా. చుక్క పోయేసరికి కమిల్ల కాస్తా కమీయా అయింది. కమీయా అంటే స్పానిష్‌లో రోగుల్ని మోసే స్ట్రెచర్. ఊరు ఊరంతా చదివింది. మాంసం కొట్టువాడు "ఏమమ్మా స్ట్రెచరూ, ఇవాళ ఎవర్ని మోస్తున్నావ్?" అన్నాట్ట. "మీ సాసేజీలు తిన్నవాళ్ళని" అందట ఇది. అదీ మా చెల్లి.

అప్పటికి మా ఆయన మార్తిరియా ఇక్కడ ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేస్తున్నాడు. సరిహద్దుకి ఈ పక్క మన భాషలో అచ్చుకి అడ్డు లేదు కాబట్టి ఆ జంట ఎల్‌లు, మధ్యలో చుక్కతో సహా, వాళ్ళ దగ్గర ఉన్నాయి. కాసిన్ని సంపాదించాడు. వాటిని సరిహద్దు దాటించడం ఎలా? కొల్యూర్ నుంచి ఉప్పు చేపల జాడీ తెచ్చి, అడుగున అక్షరాలు, పైన ఉప్పు, ఆ పైన చేపలు పెట్టాం. సరిహద్దులో పోలీసు మూత తీసి, వాసన చూసి, మొహం తిప్పుకుని మూత పెట్టేశాడట. ఆదివారం నువ్వొచ్చి ఉప్పుకి సీసం పాడవుతుందని తిట్టుకుంటూ వేణ్ణీళ్ళలో కడిగావట. ప్రెస్సువాడు చాలా నెలలు అన్నాడట, మీ భాషకి చేపల వాసనొస్తోందమ్మా అని.

ఇది రాయి. అక్షరం కూడా వదలకు. ఇంతకీ చెల్లెల్ని ఏమని రాస్తున్నావు? సంపాదకురాలనేగా? అచ్చులో ఒక్కసారి కూడా ఆ పదవి దక్కలేదు దానికి. ఇప్పుడైనా పెద్దక్షరాల్లో పడాలి. అది చూడాలని ఉంది నాకు. ఇంకేం చూస్తాను ఈ వయసులో?

తుంటి అలాగే ఉంది. ఉత్తరపు గాలి మొదలైంది, కిటికీలు కొట్టుకుంటున్నాయి.

నీ వదిన,
సబీనా


ఒలోట్, 20 అక్టోబరు 1980

వదినా,

మీరు రాసింది ఉపయోగపడింది. చేపల జాడీ సంగతి పెట్టాను. చిత్తుప్రతిలో మొదటి భాగం ఇలా ఉంది.

"'ఎషిదా' 1951లో మొదలైంది. ఆ మాటకు ఇంటి వెనక పెరడు అని అర్థం. బయటికి పోయే దారి అని కూడా. అనుమతి ఇచ్చే అధికారికి మొదటి అర్థం మాత్రమే చెప్పారు. కతలాన్‌లో పత్రిక పెట్టుకోవడానికి అప్పటి మాడ్రిడ్ సర్కారు అనుమతి ఇవ్వదు కనుక చర్చి బృందగాన సంఘం సమాచారపత్రం పేరుతో, బిషప్ కార్యాలయం ముద్రతో తెచ్చారు. మొదటి సంపాదకుడు ఫాదర్ జెనీస్. కొన్నేళ్ళ తర్వాత సంపాదకుడికి పత్రికా రచయిత గుర్తింపు కార్డు ఉండాలన్నారు. కార్డు ఉన్న ఒక పెద్దమనిషి బార్సిలోనాలో దొరికాడు. ఆయన పేరు చివరిదాకా మొదటి పేజీలో ఉంది. ఆయన ఒలోట్ ఎన్నడూ రాలేదు. భాష నేర్పే వ్యాసాలను సెన్సారువాళ్ళు కొట్టేస్తున్నారని వంటల పేజీ పెట్టారు. ఒక్కో వంటలో ఒక్కో స్పెల్లింగు సూత్రం ఉండేది. బడిలో మన భాష నేర్పని ఆ కాలంలో ఈ ఊరి పిల్లలు రాయడం నేర్చుకున్నది ఆ పేజీలోనే."

వంటల పేజీ మీద జిరోనాలో అధికారికి అనుమానం వచ్చి పిలిపించాడు. కమిల్లతో నేనూ వెళ్ళాను. మీ ఊళ్ళో ఇంత తింటారా అని అడిగాడు. తినరు సార్, చదువుకుని ఊరుకుంటారు అంది. అతను నవ్వి సంతకం పెట్టాడు.

చివరి భాగం తేలిక. నాలుగేళ్ళ క్రితం దాకా చందాదారులు పెరిగారు. ఇప్పుడు కతలాన్‌లో దినపత్రిక ఉంది, రేడియో ఉంది, బళ్ళో పాఠాలున్నాయి. ఎవరూ దాచుకుని చదవాల్సిన పని లేదు. చందాలు కట్టడం మానేశారు. ఎవరి తప్పూ కాదు. ఏ పని కోసం పుట్టిందో అది అయిపోయింది.

మీరు అడిగిన విషయం. కమిల్ల పేరు రాయడం లేదు. తీసేయమని ఆమే చెప్పింది. క్విర్జె విన్నాడు, ఆమె మాట ప్రకారం ఆమె మీద పెట్టిన పేజీ తీసేశాడు. నేనూ ఒప్పుకున్నాను. అందుకే పైన "తెచ్చారు", "పెట్టారు" అని రాశాను.

ఉంటాను.
గల్దరిక్


పెర్పిన్యా, 28 అక్టోబరు 1980

గల్దరిక్‌కి,

"తెచ్చారు." "పెట్టారు." ఎవరయ్యా తెచ్చింది? ఎవరయ్యా పెట్టింది? ఫాదర్ జెనీసా? ఆయన చదువుతూ నిద్రపోయేవాడని చెల్లే చెప్పేది. పగలంతా దేవుడి బొమ్మల కార్ఖానాలో పునీతులకి కళ్ళు దిద్ది, సాయంత్రం ఇంటికొచ్చి మీ ఊరి పెద్దమనుషుల రాతలు దిద్దింది మా చెల్లి. ఇన్నాళ్ళూ పేరు లేకుండా చేసింది. సరే, అప్పుడు పోలీసులున్నారు, కార్డులున్నాయి, నీ సర్కారు ఉద్యోగం ఉంది. నీ ఉద్యోగానికి దెబ్బ తగలకూడదనే అది పేరు వేసుకోలేదని నాకెప్పుడూ అనుమానమే. ఇన్నాళ్ళూ అడగలేదు, ఇవాళ అడుగుతున్నాను.

ఇప్పుడేం అడ్డం? ఆ పోలీసుల్లేరు. ఉద్యోగం అయిపోయింది. అది కూడా లేదు. లేని మనిషి నోట్లో మాట పెట్టి, "తీసేయమంది" అంటే నేను నమ్మాలా? కావాలని పేరు కొట్టేయించుకునే మనిషేనా అది? మొదటి సంచికలో ఒక్క చుక్క పోయిందని ఆ ఎండలో రైలెక్కి నా దగ్గరికొచ్చిన మనిషి!

నువ్వు ఏడవవు, అరవవు, నాకు తెలుసు. నీ తీరు అంత. కానీ ఈ ఊరుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఎవరో వచ్చి పేరు తీసేశామంటే తలూపి ఇంటికొచ్చేస్తావా?

సర్వ పునీతుల పండుగ వస్తోంది. ఎవరి చేతనైనా బాదం మిఠాయిలు పంపిద్దామనుకున్నాను. పంపను. కోపంగా ఉంది. దాని సమాధి మీద నా పేరు చెప్పి చామంతులు పెట్టు. పసుపువి వద్దు, దానికి నచ్చవు.

సబీనా


ఒలోట్, 2 నవంబరు 1980

వదినా,

చామంతులు తెల్లవి పెట్టాను.

నా ఉద్యోగం గురించి మీరు అడిగారు. సంపాదకుడికి కార్డు ఉండాలి, ఆమెకు లేదు, నాకూ లేదు. కారణం అదే. మీరు వేరేలా అనుకుంటే నేను చెయ్యగలిగింది లేదు.

తీసేయమన్న మాట ఎలా వచ్చిందో మీకు చెప్పలేదు. మీకు తెలియాలి.

ఆపరేషన్ అయిన తర్వాతి వారం క్విర్జె జిరోనా ఆసుపత్రికి వచ్చాడు. పత్రిక ఆపేస్తున్న సంగతి ఆమెకు చెప్పలేదు. మీ గురించి ఒక పేజీ వేస్తున్నాం, చూడండి అని మాత్రం అన్నాడు. అచ్చుకు ముందు దిద్దుబాటు కోసం తీసిన ప్రూఫు తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు. నేను ఆమెకు కళ్ళజోడు పెట్టాను. చాలాసేపు చూసింది. నొప్పి తెలియకుండా మందు ఇస్తున్నారు. నోరు ఎండిపోయి ఉంది. "పుంట్" అంది. ఊపిరి తీసుకుంది. "నన్ను తీసేయండి" అంది. కళ్ళు మూసుకుంది. తర్వాత మాట్లాడలేదు. మూడో రోజు పోయింది.

క్విర్జె విన్నది ఇలా: అంతే, ముగింపు చుక్క, నన్ను ఆ పేజీలోంచి తీసేయండి. ఆవిడ వినయం అలాంటిది మాస్టారూ అని నడవలో నా భుజం పట్టుకున్నాడు.

నేను విన్నది వేరు. అతనికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఆమె కడుపు మీద కుట్లు ఇంకా తియ్యలేదు. కుట్లున్నా సరే, నన్ను ఇక్కణ్ణుంచి తీసేయండి, ఇంటికి తీసుకెళ్ళండి అన్నట్టు వినిపించింది. డాక్టర్ని అడిగాను. కుట్లు విప్పేదాకా కదపకూడదు అన్నాడు. ఆమెను అక్కడే ఉంచాను. కుట్లు విప్పలేదు. కుట్లతోనే పూడ్చాం.

క్విర్జె అర్థం చేసుకున్నదే నిజమైతే బాగుండునని నాకు అనిపించింది. అందుకే పేరు తీసేస్తానంటే ఒప్పుకున్నాను. మీరు అడిగినదానికి ఇదే జవాబు.

గల్దరిక్


పెర్పిన్యా, 9 నవంబరు 1980

మరిదీ,

నిన్న నీ ఉత్తరం చదివి పొద్దుపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు. ముందు ఒక మాట. పోయిన ఉత్తరంలో రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఉద్యోగం మాట కూడా. నోరు నాది, ఆలోచించకముందే తెరుచుకుంటుంది.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. మీ ఇద్దరూ చదువుకున్నవాళ్ళు. ఒకడు నోటరీ, పుంట్ అంటే అతనికి దస్తావేజు చివర పెట్టే చుక్క. నువ్వు ఆసుపత్రిలో మంచం పక్క కూర్చున్నవాడివి, నీకు కుట్టు. ఇదే నేనైతే, మొట్టమొదటిసారి చెల్లి ఆ మాట అన్నప్పుడు కాజా కుట్టు అనుకున్నదాన్ని. కానీ అది మన చేతిలో ఏముందో చూసి మాట్లాడే మనిషి కాదు. దాని కళ్ళ ముందు ఏముందో దాని గురించే మాట్లాడుతుంది. అక్కడ ఏముంది? ప్రూఫు.

దాని ముందు ప్రూఫు పెడితే అది ఇల్లు అడుగుతుందా? వినయం చూపిస్తుందా? తప్పు చూపిస్తుంది! మంచం మీదున్నా, మందు మత్తులో ఉన్నా, తప్పే చూపిస్తుంది.

ఆ ప్రూఫులో పేరు ఎలా ఉంది? ఎల్‌ల మధ్య చుక్క ఉందా లేదా? నువ్వు చూశావా? చూసి ఉండవు, నువ్వు దాని మొహం చూస్తూ ఉంటావు. వెళ్ళి క్విర్జెని అడుగు. చుక్క లేకపోతే దాని మాటకి అర్థం ఒకటే. చుక్క పెట్టండి, పెట్టలేకపోతే నన్ను తీసేయండి. స్ట్రెచర్ అని మాత్రం ఇంకోసారి వెయ్యొద్దు. అంతే అది అడిగింది. అది తన పేరు కావాలనే అడిగింది గల్దరిక్.

వెంటనే వెళ్ళు. సంచిక అచ్చుకి పోకముందే వెళ్ళు. వెళ్ళి ఏం జరిగిందో మూడు ముక్కల్లో కాకుండా రాయి.

మిఠాయిలు ఈ శనివారం ఫిగేరెస్ వెళ్ళే ఒకావిడ చేతికిచ్చాను. పోస్టులో వేస్తుంది.

సబీనా


ఒలోట్, 18 నవంబరు 1980

వదినా,

మిఠాయిలు వచ్చాయి. సగం పక్కింటివాళ్ళకు ఇచ్చాను.

ఉత్తరం అందిన రోజే క్విర్జె ఆఫీసుకు వెళ్ళాను. అతను సంతకాల మీద ఉన్నాడు. బయట బెంచీ మీద, పొలం అమ్ముకోవడానికి వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల పక్కన కూర్చున్నాను. వాళ్ళ పని అయ్యాక నన్ను పిలిచాడు. ఆసుపత్రికి తెచ్చిన ప్రూఫులో కమిల్ల పేరు ఎలా కూర్చారని అడిగాను. వెంటనే అర్థం కాలేదు అతనికి.

"ఎలా కూర్చడమేంటి మాస్టారూ, పేరు పేరే కదా."

"రెండు ఎల్‌ల మధ్య చుక్క ఉందా?"

బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి చెప్పాడు. పత్రిక ఇప్పుడు జిరోనాలో కొత్త మెషీన్ మీద కూర్పిస్తున్నారు. అది అక్షరాలను ఫిల్ము మీదకు తీస్తుంది. మాడ్రిడ్ నుంచి వచ్చింది. అందులో ఆ గుర్తు లేదట. తక్కిన మాటల్లో ఎవరూ పట్టించుకోవడం లేదని వదిలేస్తున్నారట. కమిల్ల ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి వదిలేస్తున్నారని దాని అర్థం. ఆమె ఉన్నన్నాళ్ళూ ఎక్కడ లేదో అక్కడ చేత్తో పెట్టించింది.

"అయితే ఆమె ముందు మీరు పట్టుకున్న కాగితంలో కమీయా అని ఉంది," అన్నాను.

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పేజీ మొత్తం తీసేయమన్నారని ఊరంతటికీ చెప్పాను, సభలో చెప్పాను అన్నాడు. అతనికి నిజంగా బాధ కలిగింది. అది నేను చూడగలిగాను. తర్వాత కూర్చుని, నోటరీ లాగా ఆలోచించాడు. సంచిక గురువారం అచ్చుకు పోతుంది. పేజీ తిరిగి పెట్టొచ్చు, కానీ మెషీన్‌లో చుక్క రాదు. స్పానిష్ పద్ధతిలో ఒకే ఎల్‌తో వేద్దామా అన్నాడు. వద్దన్నాను.

"ఒక్క చుక్క కదా మాస్టారూ. ఎవరు చూస్తారు?"

"ఆమె చూసింది."

బుధవారం బస్సులో జిరోనా వెళ్ళాను. కింద నుంచి వెలిగే గాజుబల్ల మీద పేజీలు పరిచి, ముక్కలు అతికించే పని ఒక అమ్మాయి చేస్తోంది. పేరు రెమీజియా. చెప్పింది విని, సన్నటి మొన ఉన్న ఇంకు పెన్ను ఇచ్చింది. ఒక్కసారి ఇక్కడ పెడితే అన్ని కాపీల్లోనూ పడుతుందట. నేను పెడతానంటే, వయసు చూసి, చెయ్యి వణుకుతుందేమో తాతగారూ అంది. వణకలేదు. ల్యాబులో పిపెట్టు పట్టిన చెయ్యి. చుక్క కొంచెం పైకి పోయింది. ఫర్వాలేదు, దాని పేరే ఎగిరే చుక్క కదా, ఎగరాలి అంది ఆ అమ్మాయి. ఆ మాట కమిల్ల వింటే ఏమనేదో నాకు తెలియదు.

చరిత్రను ముందు రాత్రే తిరగరాశాను. "తెచ్చారు" ఉన్నచోట "తెచ్చింది" అని. మొదటి వాక్యం: "'ఎషిదా'ను మొదటి సంచిక నుంచి నడిపింది కమిల్ల బస్సోల్స్." కార్డు ఉన్న పెద్దమనిషి పేరు కిందికి పోయింది. ఫాదర్ జెనీస్ పేరు అలాగే ఉంది, ఆయన జైలుకు వెళ్ళడానికి సిద్ధపడ్డ మనిషి. కమిల్ల పేరు ఎన్నిసార్లు వస్తే అన్నిచోట్ల చుక్క పెట్టాను. రెమీజియా పక్కన నిలబడి వెతికి పెట్టింది.

మూడు ముక్కల్లో రాయవద్దన్నారు. ఇంతే వచ్చింది.

గల్దరిక్


పెర్పిన్యా, 25 నవంబరు 1980

మరిదీ,

ఇంత పొడుగు ఉత్తరం నువ్వు చెల్లికి కూడా రాసి ఉండవు. రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కింటి మదామ్‌కి వినిపించాను. ఆవిడకి మన భాష ముక్క రాదు, అయినా తలూపింది.

నువ్వు చేసింది బాగుంది. మార్తిరియా ఉంటే చుక్క పైకి పోయినందుకు నిన్ను తిట్టి, తర్వాత కౌగలించుకునేవాడు.

ఇక నేను చెప్పేది విను. పేరు సంగతి తేలిపోయింది. దాంతోపాటు ఇంకొకటి కూడా తేలింది. అది నిన్ను ఇంటికి తీసుకెళ్ళమని అడగలేదు. ప్రూఫు దిద్దింది, అంతే. డాక్టరు కదపొద్దన్నాడు, నువ్వు కదపలేదు. ఇన్ని నెలలు ఆ మాట మోసుకుని తిరిగావు. ఇప్పుడు దించెయ్యి. అది అడగలేదు, నువ్వు కాదనలేదు.

సంచిక రాగానే నాకు పంపు. ఒకటి కాదు, ఇక్కడ మనవాళ్ళందరికీ పంచాలి. మిగిలిపోతే పారేస్తారు కదా, నాకే పంపమను. క్రిస్మస్‌కి ఇక్కడికి రా. మంచి వైన్ తీసిపెట్టాను, మార్తిరియా దాచినది. నేనొక్కదాన్నీ తాగలేను. బఠాణీలు వండుతాను. ఉడికించే వండుతాను.

నీ వదిన,
సబీనా


ఒలోట్, 19 డిసెంబరు 1980

వదినా,

పార్సెల్ రైలు మీద పంపాను. మిగిలిన కాపీలన్నీ అందులోనే ఉన్నాయి. చరిత్ర మధ్య పేజీల్లో ఉంది. పేరు సరిగ్గా పడింది. చుక్క పైకి పోయిన సంగతి చెబితే తప్ప తెలియదు.

ఆదివారం సంఘం హాలులో చివరి సంచికకు చిన్న సభ జరిగింది. క్విర్జె లేచి, ఆగస్టులో ఆసుపత్రిలో తాను తప్పుగా విన్నానని అందరి ముందూ చెప్పాడు. తర్వాత మొదటి వాక్యం చదివాడు. పేరు దగ్గర ఆగి, రెండు ఎల్‌లనూ ఒత్తి పలికాడు. వంటల పేజీలో రాయడం నేర్చుకున్నవాళ్ళు వెనక వరసల్లో చాలామందే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళకీ జుట్టు నెరిసింది. చప్పట్లు కొట్టారు. ఇంటికి పోతూ ఒకావిడ, బచ్చలి కూర వంటలో జంట ఎల్‌ల సూత్రం నేర్చుకున్నాను, మా అమ్మాయికి నేనే నేర్పాను అంది. ఆ వంట నాకు గుర్తు లేదు. తలూపాను.

క్రిస్మస్‌కి రమ్మన్నారు. వస్తాను. బస్సు ఫిగేరెస్ దాకా, అక్కణ్ణుంచి రైలు.

దించెయ్యమన్నారు. ఆ మాటకు జవాబు రాయకుండా ఉండలేను. పత్రిక విషయంలో మీరు చెప్పిందే నిజం. ఆమె ముందు ప్రూఫు ఉంది, ప్రూఫులో తప్పు ఉంది, తప్పు చూపించింది. చరిత్రలో అలాగే రాశాను, అది అలాగే ఉంటుంది. కానీ మీరు ఆ గదిలో లేరు. "పుంట్" అన్నప్పుడు ఆమె కాగితం వైపు చూస్తోంది. "నన్ను తీసేయండి" అన్నప్పుడు కాగితం క్విర్జె చేతిలోనే ఉంది, కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. నేను ఆమె మొహం చూస్తూ ఉంటానని మీరే రాశారు. అవును, చూస్తూ ఉన్నాను.

ఒక్కో మాటకు ఎన్ని అర్థాలో నాకంటే మీకంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె రెండూ అడిగిందనే నేను అనుకుంటున్నాను.

ఒకటి చెయ్యగలిగాను.

గల్దరిక్